ఆరుమూలల బొంత: కాగితపు అచ్చు, సిరా గీత, సూదిపని

బొంత యెరుగని తెలుగువారి యిల్లు అరుదు. అవ్వ కట్టి విడిచిన చీరలు, తాత పంచెలు, పిల్లల చినిగిన చొక్కాలు పొరలు పొరలుగా పరచి, అంచు నుండి నడిమికి కుట్లు వేసికొనుచు వచ్చి, చలికాలమున కప్పుకొనుటకును, ఉయ్యాలలో బిడ్డక్రింద పరచుటకును మన పెద్దలు బొంతను కుట్టుచు వచ్చిరి. ఇందు నేర్పు లేదని యెవ్వరును అనరాదు. అయితే మన బొంతలో గుడ్డముక్క యే యాకారమున దొరకునో ఆ యాకారముననే అతుకబడును. ఇంగ్లండు దేశపు స్త్రీలు చిరకాలముగా మరియొక పద్ధతిని పాటించుచున్నారు. వారు ప్రతి గుడ్డముక్కను ఒక కాగితపు అచ్చుమీద మడచి, ఒకదాని అంచును వేరొకదాని అంచునకు చేర్చి కుట్టి, పని ముగిసిన పిదప ఆ కాగితములను తీసివేయుదురు. తుదకు కంటికి కనబడునది గుడ్డ మాత్రమే. ఆ గుడ్డను తిన్నగా నిలిపినది మాత్రము కనబడకుండ పోయిన కాగితము.

ఈ పనిని, దానికి ముందు సిరాతో పటము గీసికొను విధమును, బాలబాలికలకు అర్థమగునట్లు మెట్టుమెట్టుగా చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఇది బాలికలకు మాత్రమే తగిన పనియని బాలురు పుట త్రిప్పివేయకుందురు గాక. ఇందు సగము క్షేత్రగణితము, సగము చిత్రలేఖనము. మిగిలినది ఓపిక.

1. ఈ పని పూర్వచరిత్ర

ఇంగ్లండులో దొరకిన ఇట్టి కాగితపు కుట్టుపనులలో 1718 సంవత్సరము గుర్తు వేయబడిన పట్టు దుప్పటి యొకటి ప్రసిద్ధమైనది. జంతువుల, పక్షుల, పువ్వుల ఆకారములు చిన్న చిన్న పట్టుముక్కలతో అందు కూర్పబడినవి. దాని కాగితములు నేటికిని లోపలనే యున్నవి. పూర్వము కాగితము వెలగలది గనుక స్త్రీలు పాత ఉత్తరములను, పిల్లల కాపీపుస్తకముల పుటలను, వార్తాపత్రికలను కత్తిరించి అచ్చులుగా వాడుచుండిరి. ముగియక మిగిలిన దుప్పట్లను త్రిప్పి, వెనుకనున్న ఆ కాగితముల వ్రాతలను చదివి, అవి ఏ కాలమునాటివో పండితులు నిర్ణయించుచున్నారు. అమెరికా దేశమున ఫిలడెల్ఫియా నగరమునుండి వెలువడిన గోడీస్ లేడీస్ బుక్ అను పత్రిక 1835లో ఆరుమూలల అచ్చుతో కుట్టు విధమును ప్రకటించెను. తేనెపట్టులోని గదులవలె నుండుటచే దానికి తేనెపట్టు కుట్టని పేరు వచ్చినది.

ఈ కథలో మన తీరమునకును భాగము కలదు. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నేర్పరచుకొనిరి. కోరమండల్ తీరపు రంగు చీటిగుడ్డలు ఓడలమీద వారి దేశమునకు పోయి, అక్కడి నేతగాండ్రకు కంటకమగునంతగా వాడుకలోనికి వచ్చెను. అందుచే 1700 సంవత్సరపు శాసనము అద్దకపు గుడ్డల దిగుమతిని నిషేధించెను. 1721 నాటి శాసనము వాని వాడుకనే చాలవరకు మాన్పించెను. ఈ రెండవ శాసనము 1774 వరకు అమలులో నుండెను. ఇట్టి కాలమున చీటిగుడ్డ పీలికకైనను విలువ యుండుట వింత గాదు. ఇంగ్లండు ఉత్తరభాగమున లెవెన్స్ హాల్ అను భవనములో 1708 ప్రాంతమున కుట్టబడినదని చెప్పు అతుకు దుప్పటి హిందూదేశపు చీటిగుడ్డ ముక్కలతోనే కూర్పబడినది.

2. కావలసిన వస్తువులు

వృత్తలేఖిని, కొలబద్ద, సన్నగా చెక్కిన పెన్సిలు. అచ్చులకు దళసరి కాగితము. పాత శుభలేఖలు, గోడ కాలెండరు పుటలు, పరీక్ష ముగిసిన నోటుపుస్తకముల అట్టలు ఇందులకు మిక్కిలి అనుకూలము. మూల అచ్చునకు మాత్రము గట్టి అట్ట యుండవలెను.

సన్ననూలు గుడ్డముక్కలు. కొత్త గుడ్డయైనచో ముందు ఉతికి, గంజి పోగొట్టి, ఆరవేసి ఇస్త్రీ చేయుడు. తెల్లగుడ్డతో కలిపి తడిపి రంగు దిగునో లేదో చూచుకొనుడు. రంగు దిగు గుడ్డ ఎంత సుందరమైనను విడిచిపెట్టుడు. అది ఒక్కటియే తక్కిన అన్నిటిని పాడుచేయును. పొడుగుదైన సన్నసూది, నూలుదారము, అంగుస్తాను, గుడ్డకొక కత్తెర, కాగితమునకొక కత్తెర. కాగితము కోసిన కత్తెర మొద్దువారి గుడ్డను నమలును.

పటము గీయుటకు నున్నని తెల్లకాగితము, నల్లసిరా, పాళీకలము, అద్దుడుకాగితము. పాళీకలము దొరకనిచో అంగళ్లలో దొరకు సన్నమొనగల నల్లసిరా కలము చాలును.

3. మూల అచ్చును గీయుట

అట్టపై ఒక చుక్క పెట్టి, వృత్తలేఖినిని సరిగా 1 అంగుళము తెరచి వృత్తము గీయుడు. వృత్తలేఖినిని మూయక, తెరవక, దాని మొనను వృత్తముపై ఏదేని యొకచోట నుంచి తరువాతి బిందువును గుర్తింపుడు. అక్కడనుండి తరువాతిదానిని, ఇట్లు చుట్టుకొనుచు పొండు. ఆరవ అడుగు సరిగా మొదటి బిందువుపై పడును. పడనిచో మీ చేయి కదలినదని తెలిసికొని మరల గీయుడు. ఆరు బిందువులను సరళరేఖలతో కలిపిన సమషడ్భుజ మేర్పడును.

ఇట్లేల జరుగును? వృత్తమధ్యమునుండి ఆరు మూలలకు గీతలు గీసినచో ఆరు సమబాహు త్రిభుజములు కనబడును. కావున షడ్భుజము యొక్క ప్రతి అంచును వ్యాసార్ధమంత, అనగా 1 అంగుళమే యుండును. ఎదురెదురు మూలల నడుమ దూరము 2 అంగుళములు. ఎదురెదురు అంచుల నడుమ దూరము 1.73 అంగుళములు. ఈ కొలతలను మూడు ప్రక్కలను పరీక్షించి, మూడును సమానమైననే అట్టను కత్తిరింపుడు. దానిపై "మూలము" అని సిరాతో వ్రాసికొనుడు. ఈ మాటను మరువకుడు. దీని యక్కర ముందు తెలియును.

షడ్భుజమునే ఏల యెన్నుకొంటిమని అడుగవచ్చును. ఒకే కొలతగల సమభుజములతో నేలను సందు లేకుండ కప్పుటకు మూడు ఆకారములే పనికివచ్చును: త్రిభుజము, చతురస్రము, షడ్భుజము. షడ్భుజము యొక్క ఒక్కొక్క కోణము 120 భాగలు. మూడు ముక్కలు ఒకచోట కలసినచో 360 భాగలు పూర్తియగును. త్రిభుజములైనచో ఆరును, చతురస్రములైనచో నాలుగును ఒక్కచోట కలియవలెను. ఒకచోట కలియు మూలలు ఎంత తక్కువైన, అక్కడ గుడ్డ యంత పలుచగా నుండును, కుట్టువాని చేతి కంత సులువగును.

4. గుడ్డకు ముందు సిరా

కత్తిరించిన గుడ్డ మరల అతుకదు. కాగితముపై తప్పు గీసినచో వేరొక కాగితము తీసికొనవచ్చును. కావున కత్తెర పట్టుటకు ముందు కలము పట్టవలెను.

అర అంగుళపు అంచుగల చిన్న షడ్భుజము నొకదానిని అట్టతో చేసి, తెల్లకాగితముపై నడుమ నుంచి పెన్సిలుతో గీయుడు. దాని చుట్టును ఆరు గీయుడు. అది 7 ముక్కల పువ్వు. దాని చుట్టు 12 గీసిన మొత్తము 19. ఆ చుట్టు 18 గీసిన మొత్తము 37. ఒక్కొక్క చుట్టునకు ఆరేసి చొప్పున పెరుగుచుండుట గమనింపుడు.

ఇక సిరాపని. పాళీని సిరాలో దాని నడుమనున్న రంధ్రము వరకే ముంచి, బుడ్డి అంచున తాకించి ఎక్కువైన సిరాను విడువుడు. గీతను ఎప్పుడును మీవైపునకు లాగుడు. ముందుకు త్రోసినచో పాళీ మొన కాగితమున చిక్కుకొని సిరా చిమ్మును. చేయి తిరుగని దిక్కున గీయవలసివచ్చినపుడు కాగితమును త్రిప్పుడు, చేతిని వంచకుడు. ఎడమనుండి కుడికి పనిచేయుచు, చేతిక్రింద నొక కాగితము నుంచుకొన్నచో తడిగీత అలుకుకొనదు. ఎడమచేతివారు కుడినుండి ఎడమకు పోవలెను.

మొదట వేరొక కాగితముపై అయిదు గడులు గీసి, నలుపు తెలుపుల మెట్లను అభ్యసింపుడు. మొదటి గడిలో ఎడమెడముగా చుక్కలు. రెండవదానిలో సమానదూరమున వాలుగీతలు. మూడవదానిలో ఆ గీతలకు అడ్డముగా మరియొక వరుస. నాలుగవదానిలో నిలువుగా మూడవ వరుస. అయిదవది పూర్తిగా నలుపు. ఒక వరుస ఆరినపిదపనే రెండవది వేయవలెను. గీత దళసరి చేసి నలుపు తెప్పింప జూడకుడు. గీతల నడుమ సందును తగ్గించియే తెప్పింపవలెను. సందులు సమముగా నున్నచో సన్నగీతలతోనే మబ్బువంటి నీడ యేర్పడును.

ఇప్పుడు మీ గుడ్డముక్కలను వరుసగా పరచి, కన్నులు సగము మూసి చూడుడు. రంగులు మరుగై, ఏది వెలుతురు, ఏది నీడ యనునది మాత్రమే తోచును. ఎరుపును ఆకుపచ్చయు వేరు రంగులైనను ఒకే నీడ కలవి కావచ్చును. అట్టివానిని ప్రక్కప్రక్కన కుట్టినచో దూరమునుండి పువ్వు పువ్వుగా కనబడదు. లేతగుడ్డకు చుక్కలు, నడిమిదానికి వాలుగీతలు, ముదురుదానికి అల్లికగీతలు అని నిర్ణయించుకొని పటములోని షడ్భుజములను నింపుడు. సిరా బాగుగా ఆరిన తరువాత పెన్సిలు గీతలను రబ్బరుతో తుడువుడు. పటమును గోడకు తగిలించి పది అడుగుల దూరమునుండి చూడుడు. పువ్వు అక్కడికి కనబడినచో గుడ్డలోను కనబడును.

5. గుడ్డను కత్తిరించి కాగితముపై మడచుట

మూల అచ్చును దళసరి కాగితముపై నుంచి, సన్ననిమొన పెన్సిలును అంచునకు ఆనించి గీసి, గీతకు లోపలి అంచున కత్తిరింపుడు. ఇట్లు కావలసినన్ని కాగితపు అచ్చులు సిద్ధపరచుకొనుడు. 14 అంగుళముల చదరపు దిండుగలేబునకు సుమారు 76 ముక్కలు పట్టును. 36 అంగుళముల వెడల్పు, 45 అంగుళముల పొడవుగల పసిబిడ్డ బొంతకు సుమారు 625 కావలెను. మొదటిసారి పూనుకొనువారు దిండుతో తృప్తిపడుట మంచిది.

కాగితమును గుడ్డ వెనుకవైపున ఉంచి, చుట్టును పావు అంగుళము మిగులునట్లు గుడ్డను కత్తిరింపుడు. అప్పుడు గుడ్డముక్క మూలనుండి మూలకు 2.58 అంగుళములును, అంచునుండి అంచునకు 2.23 అంగుళములును ఉండును. వీలైనంతవరకు షడ్భుజపు రెండు అంచులు పడుగుదారముల వెంబడి యుండునట్లు అచ్చును అమర్చిన ముక్క సాగదు.

ఇప్పుడు ఒక అంచున మిగిలిన గుడ్డను కాగితముమీదికి మడచి, బొటనవ్రేలితో నొక్కి, కచ్చాకుట్టు ప్రారంభింపుడు. మూల వద్దకు రాగానే తరువాతి అంచును దానిపై మడచి, ఆ మూలలో ఒక కుట్టు గట్టిగా వేయుడు. ఇట్లు ఆరు మూలలును తిరిగి రండు. కాగితపు అంచు మడతలో గట్టిగా ఆనియుండవలెను, కాని వంగరాదు. వదులైనచో ముక్క పెద్దదగును, కాగితము వంగినచో చిన్నదగును. కచ్చాకుట్టునకు గుడ్డరంగు కాని దారము వాడినచో పిదప విప్పుటకు సులువు.

6. ముక్కలను కూర్చుట

నడిమి ముక్కను, ఒక రేకు ముక్కను మంచివైపులు ఎదురెదురుగా నుండునట్లు ఆనించి పట్టుడు. మూలకు మూల సరిపోవలెను. మూలయందు రెండు మూడు కుట్లు ఒకదానిపై నొకటి వేసి, అక్కడనుండి రెండు మడతల అంచులను చుట్టుకొనుచు చిన్నచిన్న కుట్లతో తరువాతి మూలవరకు పొండు. సూది రెండు మడతలనుండి రెండు మూడు దారపుపోగులను మాత్రమే పట్టవలెను. కాగితమును గ్రుచ్చరాదు. కాగితము తగిలినచో సూదికి గట్టిగా తెలియును, వ్రేలికిని తెలియును. అంగుళమునకు సుమారు 16 కుట్లు పడినచో అతుకు చిరకాలము నిలుచును. దారమును లాగి బిగింపకుడు. బిగించినచో అతుకు ముడుచుకొనును.

ఆరు రేకులను ఇట్లే నడిమిముక్కకు కుట్టిన పిదప, ప్రక్కప్రక్కనున్న రేకులను ఒండొంటితో కలుపవలెను. దీనికై నడిమి కాగితమును మధ్యకు మెల్లగా వంచవచ్చును, అందువలన చెరుపు లేదు. తుది రేకు మొదటి రేకుతో కలియు చోటే ఈ పనికి పరీక్ష. అచ్చులన్నియు ఒకటే కొలత యైనచో ఆ అంచులు తమంతట తామే వచ్చి కలియును. కానిచో ఏ కుట్టును వానిని కలుపజాలదు.

7. ఒక తరగతిలో జరిగిన పొరపాటు

ఈ మాట నాకు పుస్తకమువలన తెలిసినది కాదు. నేను ఈ పనిని మొదట ఒక పాఠశాలలో నేర్పినపుడు ఇరువదిమంది బాలికలకు ఒకే మూల అచ్చును ఇచ్చి, "దీనినిబట్టి మీ మీ అచ్చులు చేసికొనుడు" అంటిని. మొదటి బాలిక మూలమునుండి గీసికొనెను. రెండవది మొదటిదాని అచ్చునుండి, మూడవది రెండవదానినుండి గీసికొనెను. నేను గమనింపలేదు.

ఆ తరగతిలో తల్లి లేని బాలిక యొకతె వసతిగృహములో నుండెను. ఆమె తన ట్రంకుపెట్టె అడుగునుండి కుంకుమరంగు చీరముక్కను తెచ్చి నా చేతిలో పెట్టి, "టీచరమ్మగారూ, ఇది మా అమ్మ చీర. ఇంతే మిగిలినది. దీనితో పువ్వు వచ్చునా?" అని యడిగెను. కొలిచి చూచితిని. పొడవు 8 అంగుళములు, వెడల్పు 5. పొడవున మూలకు మూలగా మూడేసి ముక్కలు, వెడల్పున రెండు వరుసలు, మొత్తము ఆరు. ఒక పువ్వునకు రేకులు ఆరే. "వచ్చునమ్మా, సరిగా వచ్చును" అని చెప్పి, నల్లబల్లపై లెక్కవేసి చూపితిని.

మరునాడు ఆమె నాలుగు రేకులే తెచ్చెను. వరుసకు రెండే వచ్చినవని చెప్పి మిగిలిన పీలికను మడచి బల్లపై నుంచెను. నేను లెక్క చెప్పినపుడు ఆరు వచ్చినవి గనుక ఆమె అజాగ్రత్తగా కత్తిరించినదని తలచి, తరగతి యెదుట మందలించితిని. ఆమె మారుపలుకక తన కాగితపు అచ్చును తెచ్చి మూల అచ్చుపై నుంచెను. అది అన్నివైపులను వెలుపలికి వచ్చియున్నది.

ఆమెకు చేరినది అయిదవ నకలు. ఒక్కొక్కరు పెన్సిలు గీతకు వెలుపల కత్తిరించిరి. గీత వెడల్పు అంగుళములో 50వ వంతు అనుకొందము. అయిదు నకళ్లకు ఒక్కొక్క అంచున 10వ వంతు పెరుగును. ఎదురంచుతో చేర్చిన 5వ వంతు. అప్పుడు గుడ్డముక్క మూలనుండి మూలకు 2.81 అంగుళములగును. మూడు ముక్కలకు 8.43 అంగుళములు కావలెను. ఉన్నది 8. తప్పు ఆ బాలిక కత్తెరలో లేదు, ఇరువదిమందికి ఒక్క అచ్చు నిచ్చి పర్యవేక్షింపని నా యందున్నది. తరగతి యెదుట మందలించితిని గనుక తరగతి యెదుటనే ఆ మాట చెప్పితిని.

తక్కిన బాలికల పువ్వులును ఒకచోట ముడుతలు పడి, ఒకచోట లేచి నిలిచినవి. మూడు వారముల కుట్లను అందరమును కూర్చుండి విప్పితిమి. అన్ని అచ్చులను మూలమునుండియే మరల గీసితిమి. నాలుగు కుంకుమ రేకులను సరియైన కాగితములపై తిరిగి మడచితిమి. మిగిలిన పీలిక వెడల్పు 2.38 అంగుళములు, పొడవు 5. పావు అంగుళపు మిగులునకు అది చాలదు. కాని చుట్టు ఆరవవంతు అంగుళము మాత్రమే విడిచినచో రెండు ముక్కలు వచ్చునని ఆ బాలికయే ముందు కాగితముపై సిరాతో గీసి చూచి నాకు చెప్పెను. సన్నని మిగులు గనుక గుడ్డ పోగులూడకుండ అతి సన్నసూదితో, దగ్గరదగ్గరగా కుట్లు వేసి ఆ రెండు రేకులను ఆమెయే మడచెను. ఆరు రేకులును పూర్తియైనవి. ఆ దినమునుండి నా తరగతిలో మూడు నియమములు ఏర్పడినవి: ప్రతి అచ్చును మూలమునుండియే గీయవలెను; నకలునుండి నకలు తీయరాదు; ఒకటే ముక్కయున్న గుడ్డను సిరాపటము లేక ముట్టరాదు.

8. కాగితము తీసి బొంతను ముగించుట

ఒక ముక్క ఆరు అంచులును పొరుగువానితో కుట్టబడినపిదపనే దాని కాగితమును తీయవలెను. కచ్చాకుట్టును విప్పి, కాగితమును వెనుకనుండి మెల్లగా లాగిన అది చెడక వచ్చును. దానిని మరల రెండు మూడుసార్లు వాడవచ్చును. వెలిఅంచున నున్న ముక్కల కాగితములను చివరవరకు ఉంచుడు. తొందరపడి తీసినచో ఆ అంచులు సాగిపోవును. అంచు తిన్నగా రావలెనన్న సగము షడ్భుజముల నమర్చి సందులు పూడ్చవలెను.

పైపొర ముగిసినతరువాత మన బొంత పద్ధతియే మేలు. అడుగున మెత్తని పాత చీర, దానిపై మరియొకటి రెండు మడతలుగా, వానిపై ఈ కూర్పు. ముడుతలు లేకుండ పరచి, నడిమినుండి అంచులవైపునకు పెద్ద కచ్చాకుట్లతో నిలిపి, పిదప ప్రతి షడ్భుజములోపల అంచునకు పావు అంగుళము దూరమున మూడు పొరలును పట్టునట్లు చిన్నకుట్లు వేయుడు. వెలిఅంచును గుడ్డపట్టీతో చుట్టి కుట్టుడు.

9. బొంతపై పేరు వ్రాయుట

అమెరికా దేశమున 1840 ప్రాంతములందు స్నేహితులందరు ఒక్కొక్క ముక్కపై సిరాతో తమ పేర్లను, చిన్న చిత్రములను వ్రాసి, ఆ ముక్కలను బొంతగా కూర్చి, దూరదేశమునకు పోవు వారికి ఇచ్చు ఆచారము ప్రబలినది. మీరును అట్లు చేయగోరవచ్చును. అయితే సిరా విషయమున జాగ్రత్త వలయును. కరక్కాయ రసము, అన్నభేది కలిపి చేయు సిరా మొదట లేతగా నుండి గాలి తగిలి నల్లబడును. మన కలంకారీ పనివారు కరక్కాయలో నానిన గుడ్డపై ఇనుము, బెల్లము ఊరిన నీటితో నల్లగీత తెప్పించుటయు ఇదే రసాయన ధర్మము. ఇట్టి ఇనుపనలుపు అందమైనదే, కాని కాలక్రమమున నూలును తినివేయును. పాత గుడ్డలపై నల్లగీత యున్నచోటనే మొదట చిల్లులు పడుటకు కారణ మిదియే. దీపపు మసి, తుమ్మబంక కలిపిన సిరా గుడ్డను తినదు గాని ఉతికిన నిలువదు. కావున పేరును పెన్సిలుతో పలుచగా వ్రాసి, దానిపై దారముతో కుట్టుటయే క్షేమము. పేరును, ఊరును, సంవత్సరమును తప్పక కుట్టుడు. 1718 నాటి దుప్పటిపై రెండు అక్షరములును ఒక సంవత్సరమును మాత్రమే యున్నవి. కుట్టినవారి పూర్తిపేరు వానితో మనకు తెలియలేదు.

10. ముగింపు

1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమైనప్పుడు అనేక కుటుంబములు చాంగీ చెరసాలలో నిర్బంధింపబడినవి. అక్కడి గర్లుగైడు బాలికలు తమ నాయకురాలైన ఎలిజబెత్ ఎన్నిస్ అనునామె పుట్టినదినమునకు బహుమానముగా రహస్యముగా ఒక బొంతను ప్రారంభించిరి. వారికి అంగడి లేదు, కొత్తగుడ్డ లేదు. పాత దుస్తుల పీలికలు, వానినుండియే ఊడదీసిన దారము. వానితో ఆరుమూలల ముక్కలను చేసి, పువ్వులుగా కూర్చి, తమ పేర్లను అందు కుట్టిరి. ఆ బొంత నేడు ఇంగ్లండులోని ఇంపీరియల్ వార్ మ్యూజియమున భద్రపరుపబడియున్నది. ఆ చెరసాలలోని పెద్ద స్త్రీలును ఒక్కొక్కటి 66 చతురస్రములు గల మూడు బొంతలను కుట్టి, తాము బ్రదికియున్నామని తమవారికి తెలియజేయ గోరిరి.

మనకు అట్టి కష్టము లేదు. పాతగుడ్డయు, పాతకాగితమును ప్రతి యింటను కలవు. కావలసినది ఒక్కటే: ప్రతి ముక్కను ప్రక్కముక్కతో గాక మూలముతో సరిచూచుకొను అలవాటు. వెంట్రుకవాసి తప్పు ఒకసారి కంటికి కనబడదు. అయిదుసార్లు చేతులు మారినపిదప రెండు రేకులను పోగొట్టును. తల్లిదండ్రులు తమ పిల్లలకు పాతచీరలోని ఒక ముక్కను ఇచ్చునపుడు అది ఎవరి చీరయో కూడ చెప్పుదురు గాక. గుడ్డ విలువ తెలిసిన పిల్ల కత్తెర తొందరపడి పట్టదు.

ఆ సంవత్సరాంతమున మా తరగతి బొంత ముగిసినది. కుంకుమరంగు పువ్వు దాని నడుమ నున్నది. అందు ఏ రెండు రేకులు సన్నని మిగులుతో కుట్టబడినవో పైనుండి చూచి చెప్పుట ఇప్పుడు నాకును సాధ్యము కాదు.